లోతైన కథనాలకు డబ్బు ఎవరు పెట్టాలి? ప్రభుత్వం పెడితే పుచ్చుకోవచ్చా?

ఉదయగిరి దుర్గం | ఆదివారం సాయంత్రం

ఈ రోజు మూడు పత్రికల జిల్లా పేజీలు తెప్పించి మంచం మీద పక్కపక్కన పరిచాను. మూడింటిలోనూ ఒకే నాయకుడి జన్మదిన శుభాకాంక్షలు. ఒకదాంట్లో పావు పేజీ, మిగిలిన రెంటిలో అర పేజీ చొప్పున. ఆ ప్రకటన కింద మిగిలిన జాగాలో నాలుగు వరుసల వార్త ఒకటి: మెట్ట మండలంలో ఒక ఊరి మంచినీటి పథకం మోటారు కాలిపోయి నీళ్లు ఆగిపోయాయట. ఆ మోటారు ఇంతకుముందు ఎన్నిసార్లు కాలింది, ప్రతిసారీ వైండింగ్ బిల్లు ఎవరి పేరున చెల్లించారు, నీళ్లు లేని రోజుల్లో ట్యాంకర్లు తోలింది ఎవరు, ఆ బిల్లులు ఎక్కడున్నాయి? ఒక్కదానికీ జవాబు లేదు. అసలు ఆ ప్రశ్నలే లేవు.

విలేకరిని తిట్టడానికి ఈ చర్చ పెట్టలేదు. ఆ జవాబులు రావాలంటే ఒక మనిషి నెల రోజులు ఆ పని మీదే తిరగాలి. ఆ నెల జీతం ఎవరిస్తారన్నదే నా ప్రశ్న.

అమెరికాలో 1967లో చట్టం చేసి ప్రజా ప్రసారాల కోసం ఒక సంస్థను పెట్టారు. చిన్న ఊళ్ల రేడియో, టీవీ కేంద్రాలకు ప్రభుత్వ సొమ్ము దాని ద్వారా వెళ్లేది. 2025 జూలైలో అక్కడి కాంగ్రెస్ రెండేళ్ల కేటాయింపు 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. ఆగస్టు మొదట్లోనే ఆ సంస్థ మూసివేత పనులు మొదలుపెడుతున్నట్టు ప్రకటించింది. దాదాపు అరవై ఏళ్ల ఏర్పాటు ఒక్క ఓటింగుతో కూలిపోయింది. మరి ప్రభుత్వ సొమ్మును నమ్ముకోవచ్చా? నమ్ముకోకపోతే మన జిల్లాలకు ఇంకే దారి ఉంది?

చీమకుర్తి నల్లరాయి

ప్రభుత్వ సొమ్ము ఇప్పుడు రావడం లేదని మీకెవరు చెప్పారు మాస్టారూ? ప్రకటనల రూపంలో దండిగా వస్తోంది. ప్రభుత్వం మారిన మర్నాడే ఏ పత్రికకు ఎన్ని పేజీలన్నది మారిపోతుంది. 2022లో గ్రామ, వార్డు వాలంటీర్లకు పత్రిక కొనుక్కోమని తలకు నెలకు 200 రూపాయలు మంజూరు చేశారు. అది ఒకే పత్రికకు మేలు చేయడానికేనంటూ పోటీ పత్రిక యాజమాన్యం కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు పంపింది. వార్త కోసం ప్రజాధనం అంటే మన దగ్గర ఇలాగే ఉంటుంది.

నిర్వాహకుడు

పార్టీల పేర్లు ఇంతవరకు రాలేదు, సంతోషం. ఇక ముందు కూడా రాకుండా చూడండి. వస్తే ఆ వ్యాఖ్య తీసేస్తాను.

మాజీ డెస్కు

దుర్గం మాస్టారూ, నేను నెల్లూరులో జిల్లా డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను. పత్రిక పేరు చెప్పను.

మండల విలేకరికి జీతం ఉండదు. అచ్చయిన వార్తను సెంటీమీటర్లలో కొలిచి లైన్ అకౌంట్ కడతారు. నెలాఖరుకు అది బండి పెట్రోలుకు సరిపోతే అదృష్టం. అసలు రాబడి ప్రకటనల కమీషను. ఆగస్టు 15, జనవరి 26, సంక్రాంతి, పత్రిక వార్షికోత్సవం, అన్నింటికీ టార్గెట్ ఉంటుంది. ప్రకటన ఇచ్చేది కాంట్రాక్టరు, సర్పంచి, రేషన్ డీలరు, ప్రైవేటు బడి యజమాని. విలేకరి ఎవరి మీద కన్ను వేసి ఉంచాలో సరిగ్గా వాళ్లే. ఈ ఏర్పాటులో అతను నాలుగు వరుసలైనా రాశాడంటే మెచ్చుకోవాలి.

ఒక్క సంగతి చెబుతాను. మెట్ట ప్రాంతం నుంచి ఒక కుర్రవాడు ఫోటో పంపాడు. ఊళ్లో ఆర్వో ప్లాంటు మూతపడి ఉంది. నీటిని వడపోసే మెంబ్రేన్ మార్చినట్టు మాత్రం బిల్లు పాసయింది. అతను కిటికీలోంచి లోపలి యంత్రాన్ని తీశాడు. మెంబ్రేన్ గొట్టం మీద అంటించిన చీటీలో తయారైన నెల, సంవత్సరం చదవడానికి వస్తున్నాయి. బిల్లు తేదీకి అవి చాలా పాతవి. మామూలుగా అయితే దాన్ని 'మూలనపడ్డ నీటి ప్లాంటు' అని శీర్షిక పెట్టి మర్నాడు వేసేసేవాళ్లం. ఆనాటి ఎడిషన్ ఇన్‌చార్జి మాత్రం, 'ఆగు. చుట్టుపక్కల ఊళ్లు కూడా చూడు. అప్పటిదాకా నీ మండలం వార్తలు పక్క మండలం అతను పంపుతాడు' అన్నాడు. తిరగడానికి ఖర్చు తన జేబులోంచి ఇచ్చాడు. యాజమాన్యం నుంచి ఫోను వస్తే, 'పూర్తయ్యాక చూపిస్తాను' అని పెట్టేశాడు. కథనం వచ్చింది, బిల్లులు ఆగాయి. తర్వాత ఆయన్ను బదిలీ చేశారు. కొత్తగా వచ్చినాయన ఆ కుర్రవాణ్ణి మొట్టమొదట అడిగింది ప్రకటనల టార్గెట్ ఎంతవరకు వచ్చిందని.

కాబట్టి మీరు డబ్బు గురించి అడిగారు గానీ, నేను ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారని అడుగుతాను.

కనిగిరి బావి

డెస్కు గారూ, ఆ ఫోటో ఊరు మా వైపుదేనేమో అనిపిస్తోంది. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మా మెట్ట ఊళ్లలో దాటని బోరు వెతుక్కోవాలి. కనిగిరి, పొదిలి, మర్రిపూడి పేర్లు పత్రికల్లో రాని ఎండాకాలం లేదు. ప్రతిసారీ అదే ఫోటో: వంకర కాళ్ల పెద్దాయన, వెనక బిందెలు. ఆ పెద్దాయన ఫోటోలో ఉంటాడు, ఆయన అడిగిన ప్రశ్న ఉండదు.

వెలిగొండ ప్రాజెక్టునే తీసుకోండి. 1996లో ఒక శంకుస్థాపన, ఆ తర్వాత మరో ప్రభుత్వంలో మరొకటి. శ్రీశైలం జలాశయం నుంచి 18.8 కిలోమీటర్ల సొరంగాలు రెండు తవ్వారు. 2024 మార్చిలో వాటిని జాతికి అంకితం కూడా చేశారు. ఇన్నేళ్లలో పత్రికలు వేసిన సొరంగం ఫోటోలు అతికిస్తే ఆ సొరంగం పొడవు వస్తుంది. కానీ ఏ ఏడాది ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు పెట్టారు, అంచనా ఎన్నిసార్లు పెంచారు, ముంపు ఊళ్లకు పరిహారం ఎక్కడ ఆగింది, వీటన్నింటినీ ఒకచోట కూర్చి ఒక మామూలు మనిషికి అర్థమయ్యేలా ఎవరు రాశారు? అసెంబ్లీ బడ్జెట్ పుస్తకాలు, కాగ్ నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. చదివి కూర్చడానికి తీరిక ఉన్న మనిషే లేడు.

అందుకే నేను ప్రభుత్వ సొమ్మును ముట్టుకోవద్దనేవాళ్ల పక్షం కాదు. ఆ సొమ్ము నాదే కదా. నేను కట్టిన పన్నుతో నాకే తెలియని సొరంగం తవ్వుతారు. అందులో ఒక పైసా దాని గురించి తెలుసుకోవడానికి ఖర్చయితే తప్పా?

రొయ్యల చెరువు

నాది విడవలూరు వైపు. మీరంతా చదువుకున్నవాళ్లు, అమెరికా నుంచి మొదలుపెట్టారు. నేను కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను. 2025లో ఆ అమెరికా మన రొయ్యల మీద సుంకం పెంచింది. వార్త వచ్చిన మర్నాటికే మాకు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర పడేశారు. అప్పటికి శీతల గిడ్డంగుల్లో ఉన్న సరుకు ఏ ధరకు కొన్నది, ఏ ధరకు పోయింది? మా మీద పడిన కోత నిజంగా సుంకమేనా, లేక సుంకం పేరు చెప్పి ఇంకెవరైనా మిగుల్చుకున్నారా? పత్రికల్లో అధికారి సమీక్షా సమావేశం వచ్చింది, ఎగుమతిదారుల సంఘం ప్రకటన వచ్చింది. మా లెక్క రాలేదు. అలాంటి లెక్క తేల్చేవాడికి ఎకరాకు ఇంతని నేనే ఇస్తాను. ప్రభుత్వం దాకా ఎందుకు?

చీమకుర్తి నల్లరాయి

చెరువు అన్నా, మీరు ఇస్తే ఆ విలేకరి రేపు మీ చెరువుల ఉప్పునీరు పంటకాలువలో కలిసే సంగతి రాస్తాడా?

రొయ్యల చెరువు

రాయనివ్వండి. అందరూ కలపరు.

బకింగ్‌హాం కాలువ

వృత్తిరీత్యా చట్టాలతో పని, అందుకని దారులు ఎక్కడెక్కడ మూసి ఉన్నాయో చెబుతాను. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010లో 3వ సెక్షను ప్రకారం పత్రిక సంపాదకుడు, యజమాని, విలేకరి, కాలమిస్టు, కార్టూనిస్టు ఎవరూ విదేశీ విరాళం పుచ్చుకోకూడదు. కాబట్టి బయటి ఫౌండేషన్ల మాట మరిచిపోండి. పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని కంపెనీల చట్టంలో ఉంది. కానీ ఆ సొమ్ము ఏ పనులకు పెట్టవచ్చో చెప్పే 7వ షెడ్యూలులో పత్రికా రచన అన్న మాటే లేదు. కృష్ణపట్నం చుట్టుపక్కల బొగ్గు విద్యుత్ కంపెనీలకు మనసున్నా దారి లేదు. నా దృష్టిలో అది మంచిదే. బూడిద గురించి రాయవలసినవాడు బూడిద సొమ్ము తినకూడదు.

ఇక ప్రభుత్వ సొమ్ము. నార్వే 1969 నుంచి పత్రికలకు సాయం చేస్తోంది. మంత్రిగారికి నచ్చిన పత్రికకని కాదు. చిన్న ఊరి పత్రికకు, పెద్ద ఊళ్లో రెండో స్థానంలో ఉన్న పత్రికకు సూత్రం ప్రకారం లెక్క కట్టి ఇస్తారు. తిట్టిన పత్రికకూ వస్తుంది, పొగిడిన పత్రికకూ వస్తుంది. బ్రిటన్‌లో 2017 నుంచి మరో పద్ధతి నడుస్తోంది. బీబీసీ టీవీ ఉన్న ఇళ్లు కట్టే లైసెన్సు రుసుములోంచి స్థానిక పత్రికల్లో దాదాపు 165 మంది విలేకరుల జీతం భరిస్తుంది. వాళ్ల పని స్థానిక పాలక మండళ్లను కనిపెట్టి ఉండటం. రాసిన వార్త ఒప్పందంలో ఉన్న పత్రికలన్నీ వాడుకోవచ్చు. మన జిల్లా పరిషత్ స్థాయీ సంఘం సమావేశానికి చివరిదాకా కూర్చున్న విలేకరిని మీలో ఎవరైనా చూశారా? టిఫిన్ అయ్యాక సగం కుర్చీలు ఖాళీ.

చెడిన ఉదాహరణ కూడా ఉంది. న్యూజీలాండ్ 2021లో ప్రజాహిత పత్రికా రచనకని 5.5 కోట్ల న్యూజీలాండ్ డాలర్ల నిధి పెట్టింది. నిబంధనల్లో వైతాంగి ఒడంబడిక (అక్కడి మూలవాసులైన మావోరీలకు, బ్రిటిష్ ప్రభుత్వానికి మధ్య కుదిరినది) సూత్రాలను పాటించాలని ఒక మాట చేర్చింది. ఆ మాట మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కానీ 'పత్రికలను ప్రభుత్వం కొనేసింది' అన్న ప్రచారానికి అదే ఆధారమైంది. ఆ నిధి అందుకోని విలేకరులు కూడా ఆ మాట పడ్డారు.

ఉదయగిరి దుర్గం

కాలువ గారూ, సూత్రం ప్రకారం ఇచ్చే సొమ్ము మన దగ్గర కూడా ఒకటి ఉంది కదా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సు. ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కర్లేదు.

బకింగ్‌హాం కాలువ

ఉంది మాస్టారూ. వసూలు చేసేది మున్సిపాలిటీ, పంచాయతీ. అక్కడి నుంచి గ్రంథాలయ సంస్థకు చేరాలి. చేరకుండా ఆగిన బకాయిల గురించి ఏ గ్రంథపాలకుణ్ణి అడిగినా చెబుతాడు. ఆ సంస్థ ఛైర్మన్ పదవి నామినేటెడ్. మీ విలేకరి నిధికి కూడా అలాంటి ఛైర్మనే వస్తాడు. శాలువాలు సిద్ధం చేసుకోండి.

పొదిలి డీఆర్పీ

ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. ప్రభుత్వ సొమ్ముతో ప్రభుత్వ తప్పులు వెతికే పని మన జిల్లాలో ఇప్పటికే జరుగుతోంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. ఉపాధి హామీ సామాజిక తనిఖీ. 2005 చట్టంలోని 17వ సెక్షనుతో వచ్చిన పని. నేను ఆ పనిలో ఉన్నవాణ్ణే, డీఆర్పీని, అంటే జిల్లా రిసోర్స్ పర్సన్‌ని.

పని ఎలా ఉంటుందంటే, ఊరికి వెళ్లి గ్రామ యువకులను కూడగడతాం. మస్టరు (కూలీల హాజరు పట్టీ) చేతిలో పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాం. 'అమ్మా, నీకు ఈ వారం ఆరు రోజుల కూలి పడిందని ఉంది, పనికి వెళ్లావా?' అంటే, 'నేను ఆ వారం మా అమ్మాయి కాన్పుకు ఒంగోలులో ఉన్నాను బాబూ' అంటుంది. అది రాసుకుని వేలిముద్రో సంతకమో తీసుకుంటాం. తర్వాత కందకం దగ్గరికి వెళ్లి టేపు పట్టుకుంటాం. పొడవు సరిపోతుంది, లోతు సరిపోదు. ఎం-బుక్కులో (కొలతల పుస్తకం) ఒకటి ఉంటుంది, నేల మీద ఇంకొకటి ఉంటుంది. చివరికి మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదువుతాం. ఫీల్డ్ అసిస్టెంట్ లేచి అరుస్తాడు, ఆ అమ్మ లేచి ఇంకా గట్టిగా అరుస్తుంది.

దీనికి డబ్బు ఉపాధి నిధుల్లోంచే. అయినా మేం వాళ్ల తప్పే రాస్తాం. ఎందుకంటే ఏ ఊరు తనిఖీ చేయాలన్నది ఎమ్మెల్యే ఎంచడు, వరసలో ప్రతి ఊరూ వస్తుంది.

మాకు లేనిది ఒక్కటే. చదివేవాడు. ప్రజావేదిక అయిపోయాక నివేదిక బీరువాలోకి పోతుంది. రికవరీ అని రాసిన సొమ్ములో వసూలైంది ఎంతో అడగవద్దు. మర్నాడు పత్రికలో వచ్చేది 'ప్రజావేదికలో పాల్గొన్న అధికారులు' అన్న ఫోటో.

మాజీ డెస్కు

డీఆర్పీ గారూ, మీరు చెప్పింది నాకు సూటిగా తగిలింది. ఆ ఫోటోలు పేజీలో పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. పత్రికకు పాఠకుడున్నాడు, తీరిక లేదు. మీకు తీరిక ఉంది, పాఠకుడు లేడు.

కలిగిరి అక్షరం

మీరందరూ అమెరికా, నార్వే తిరిగి వచ్చారు, దూబగుంట దాకా మాత్రం రాలేదు. మా మండలమే.

తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. నేను రాత్రి బడిలో వాలంటీరుని. కూలి పని ముగించుకుని, ఇంట్లో వంట చేసి, అప్పుడు వచ్చేవారు ఆడవాళ్లు. లాంతరు వెలుగులో వాచకం చదివించేవాళ్లం. సారా కొంపలు ఎలా కూలుస్తుందో చెప్పే పాఠం వచ్చినప్పుడు చదవడం ఆగిపోయేది, మాట్లాడటం మొదలయ్యేది. ఎవరి మొగుడు ఏ రోజు ఎంత తాగాడో, కూలి డబ్బులో ఇంటికి ఎంత చేరిందో పలక మీదే లెక్క వేసేవారు. 1992లో రోశమ్మ గారు, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది.

ఆ వాచకం అచ్చు వేయించింది ఎవరు? ప్రభుత్వమే. సారా వేలంపాటలు పెట్టి ఆదాయం తెచ్చుకున్నది ఎవరు? అదీ ప్రభుత్వమే. ఒక చేత్తో ఇచ్చిన పుస్తకం రెండో చేతిని పట్టుకుంది. కాబట్టి ప్రభుత్వ సొమ్ము తీసుకుంటే నోరు పడిపోతుందని నాకు చెప్పవద్దు. ఎవరు రాశారు, ఎవరి చేతికి వెళ్లింది అన్నది చూడాలి.

మాజీ డెస్కు

అక్షరం అమ్మా, నమస్కారం. మీరు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. దూబగుంట సంగతి ఒక్కరోజు వార్తగా ముగిసిపోయి ఉండేది. ఈనాడు ఆ ఉద్యమానికి రోజూ చోటిచ్చింది. ఊరూరా విలేకరులు పంపిన సంగతులు వేస్తూ వెళ్లింది. ఎక్కడో ఒక గదిలో ఒక సంపాదకుడు 'ఇది రేపు కూడా వేయాలి, ఎల్లుండి కూడా వేయాలి' అని నిర్ణయించకపోతే పక్క జిల్లాకు తెలిసేది కాదు. ఆ పత్రిక ఉద్దేశాల మీద అప్పుడూ వాదనలున్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. నిర్ణయం మాత్రం నిర్ణయమే.

చీమకుర్తి నల్లరాయి

సంపాదకుడు గట్టివాడైతే చాలు, మిగతాది అదే నడుస్తుందంటారా? మా జిల్లా పేరే దానికి జవాబు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1921లో మద్రాసులో 'స్వరాజ్య' పెట్టారు. ఇంగ్లీషులో, తెలుగులో, తమిళంలో నడిపారు. బారిస్టరుగా గడించినదంతా అందులో పోశారు. చివరికి అది మూతపడింది. ఆయనకంటే గట్టి సంపాదకుణ్ణి ఎక్కడ తెస్తారు? ధైర్యం ఉంటే సరిపోదు, నెల మొదటి తేదీన జీతాలివ్వాలి.

ఉదయగిరి దుర్గం

అదే పని నెల్లూరులో 'జమీన్ రైతు' 1930 నుంచి చేసింది కదా నల్లరాయీ? జమీందారీ రైతుల పక్షాన పుట్టిన వారపత్రిక. పంతులు గారు రాజధానిలో మూడు భాషల దినపత్రికకు దిగారు. వీళ్లు వారానికొకసారి, చందాదారుల మీద, తమ ఊళ్ల వరకే చూసుకున్నారు. నాకు మన ఊహలు కూడా ఆ కొలతలోనే ఉంటే బాగుంటుందనిపిస్తోంది. దినపత్రిక వద్దు, భవనం వద్దు.

బకింగ్‌హాం కాలువ

మరి ఇది చూడండి. అమెరికాలో ప్రోపబ్లికా అని ఒక సంస్థ ఉంది. ప్రభుత్వ సొమ్ము కాదు, ఒక సంపన్న కుటుంబం విరాళంతో మొదలైంది. దానికి మొదటి సంపాదకుడు పాల్ స్టైగర్, అంతకుముందు వాల్ స్ట్రీట్ జర్నల్ వార్తా విభాగాన్ని నడిపినవాడు. తుపానులో చిక్కుకున్న ఒక ఆసుపత్రి మీద వాళ్ల కథనానికి రెండేళ్లకు పైగా పట్టింది, 2010లో పులిట్జర్ బహుమతి వచ్చింది. దాని ఖర్చు దాదాపు 4 లక్షల డాలర్లని అంచనా. మన దగ్గర పల్లెల గురించి రాసే విలేకరి పి. సాయినాథ్ గారు 2014 డిసెంబరులో మొదలుపెట్టిన 'పరి' అనే గ్రామీణ కథనాల వెబ్‌సైటు విరాళాల మీద నడుస్తోంది, తెలుగులోనూ చదవవచ్చు. రెండింటిలోనూ ముందు నమ్మదగిన మనిషి, ఆ తర్వాత డబ్బు. డెస్కు గారి వాదనకు బలం ఇక్కడుంది.

ప్రభుత్వం విలేకరులకు ఏదో చేయాలనుకుంటే ఇళ్ల స్థలాలే గుర్తొస్తాయి. హైదరాబాదులో ప్రజాప్రతినిధులకు, అధికారులకు, జర్నలిస్టులకు చేసిన అలాంటి కేటాయింపులను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. స్థలం మనిషికి చేరుతుంది, పనికి చేరదు.

పొదిలి డీఆర్పీ

అయితే పని దగ్గరికే వద్దాం. మండలానికి ఒక విలేకరి అని కలలు కనకుండా, జిల్లాకు ఇద్దరు. జీతం ప్రజాధనం నుంచే, ఉపాధి తనిఖీ లాగా ఖర్చులో ఇంత వాటా అని చట్టంలో రాసి. వాళ్లను ఎంచేది కలెక్టరూ కాదు, ఛైర్మనూ కాదు. రాసింది ఏ పత్రికైనా ఉచితంగా వేసుకోవచ్చు.

చీమకుర్తి నల్లరాయి

ఎంచేది ఎవరో చెప్పకుండా 'కాదు, కాదు' అంటే ఎలా? అసలు చిక్కు అక్కడే ఉంది.

కనిగిరి బావి

విశ్వవిద్యాలయం? నెల్లూరులో విక్రమ సింహపురి ఉంది, ఒంగోలులో ఆంధ్రకేసరి ఉంది.

చీమకుర్తి నల్లరాయి

ఉపకులపతిని నియమించేది ఎవరమ్మా?

కలిగిరి అక్షరం

చీటీ తీయండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. పొదుపు సంఘాల నుంచి, రైతుల నుంచి, ఉపాధ్యాయుల నుంచి పేర్లు తీసుకుని ఏడాదికొకసారి చీటీ తీస్తే కొనడానికి ఎవరు దొరుకుతారు? ముందుగా తెలిస్తే కదా కొనేది.

మాజీ డెస్కు

చీటీతో ఎంపిక సంఘం ఏర్పడుతుంది, ఒప్పుకుంటాను. సంపాదకుడు చీటీలో రాడు. కథనం వేసే ముందు రాత్రి ఫోను వస్తుంది. దాన్ని ఎత్తి సమాధానం చెప్పే మనిషి కావాలి. అతనికి అయిదేళ్లు కదపకూడదన్న రాతపూర్వక హామీ ఉండాలి. నేను చూసిన ఇన్‌చార్జికి అది లేదు.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. నకలు పేజీకి 2 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. దుర్గం మాస్టారు చెప్పిన ఆ మోటారు సంగతి ఇక్కడున్నవాళ్లమే తేల్చవచ్చు. బిల్లు నకళ్లు డీఆర్పీ గారు చదువుతారు, నేను రాస్తాను, కాలువ గారు పరువునష్టం కోణంలో చూస్తారు.

ఉదయగిరి దుర్గం

దరఖాస్తు నేను పెడతాను. ఇక్కడివాణ్ణే, ఆఫీసు బస్టాండు పక్కనే.

చీమకుర్తి నల్లరాయి

బాగుంది. కానీ ఇది నలుగురు పింఛనుదారుల సరదా. పాతికేళ్ల కుర్రవాడు దీన్ని ఉద్యోగంగా ఎప్పుడు చేస్తాడో చెప్పేవరకు నేను ఒప్పుకోను.

రొయ్యల చెరువు

మోటారు తర్వాత మా కౌంటు ధర సంగతి చూడండి. ఉప్పునీటి సంగతి కూడా రాస్తే రాయండి, మా సంఘంలో నన్ను తిడతారు, పడతాను.

మాజీ డెస్కు

పోయిన పంటవి పట్టుబడి చీటీలు (రొయ్యలు పట్టి అమ్మినప్పుడు ఇచ్చేవి) దాచారా? కౌంటు, ధర, తేదీ మూడూ ఉండాలి.

రొయ్యల చెరువు

నావీ, మా బావమరిదివీ ఉన్నాయి. పక్క చెరువులవాళ్లను అడిగి చెబుతాను. కొందరికి ఏజెంటు తెల్లకాగితం మీద రాసిచ్చాడు. అది పనికొస్తుందా?